చూశానని మూర్తి అనలేదు

మోటారు పనిలో చేరబోయే కుర్రాళ్ళు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. ఇంజను చప్పుడు వినగానే జబ్బేమిటో చెప్పేవారట కదా, అదెలా వచ్చింది అని అడుగుతారు. వాళ్ళకు కావలసింది ఏదో ఒక కిటుకు. నా దగ్గర అలాంటివేమీ లేవు. చెవులు అందరికీ ఉంటాయి. వాటిని ఎవరి మాటకు తెరవాలో, ఎవరి మాటకు మూసుకోవాలో తెలియక నేను చాలా ఏళ్ళు పాడుచేసుకున్నాను. ఆ సంగతే రాద్దామని కూర్చున్నాను.

నేను ఎప్పుడు ఏ మెట్టు ఎక్కానో ఇందులో ఉండదు. అది ఎవరికీ పనికిరాదు. పని నేర్పినవాళ్ళు ఇద్దరు. ఒకరు నందిగామలో మా షెడ్డు మేస్త్రీ వీరాస్వామి గారు. రెండోవాడు జగ్గయ్యపేట మిరపకాయల వర్తకుడి కొడుకు కృష్ణమూర్తి. మూర్తి ఏనాడూ మెకానిక్కు కాదు. ఆదివారం మధ్యాహ్నాలు ఖాళీ రోడ్డు మీద నాతో మోటారు సైకిలు పందేలు ఆడాడు, అంతే. అయినా లెక్క తీస్తే అతని దగ్గరే ఎక్కువ నేర్చుకున్నాను.

ముందే ఒక మాట. ఈ పందేల గురించి చదివి ఎవరూ రోడ్డెక్కకండి. అప్పటి రోడ్డు వేరు. బస్సు వెళ్ళిందంటే మళ్ళీ బస్సు వచ్చేలోపు ఎడ్లబళ్ళు తప్ప ఏమీ వచ్చేవి కావు. అయినా మేం చేసింది మంచి పని అని చెప్పను. మేం బతికి బయటపడ్డామంటే అందులో మా తెలివి కంటే దేవుడి దయే ఎక్కువ.

షెడ్డు

మా నాన్న పల్లెటూరి మిషను బడిలో పంతులు. నన్ను కూడా పంతుల్ని చేద్దామనుకున్నాడు. నాకు అక్షరాల కంటే నట్లు బోల్టులు బాగా ఒంటబట్టాయి. నందిగామ బస్టాండు పక్కన తాటాకు షెడ్డులో వీరాస్వామి మేస్త్రీ గారి దగ్గర చేర్చారు. అప్పటికింకా బస్సులన్నీ ప్రైవేటువాళ్ళవే. బెజవాడ వైపు వెళ్ళేవి, జగ్గయ్యపేట వైపు వెళ్ళేవి ఏది మొరాయించినా మా షెడ్డుకే వచ్చేది.

మేస్త్రీ గారు గొప్ప పనివాడు. ఆయన చెయ్యి పడితే తిరగని ఇంజను లేదు. అది ఎంత నిజమో, ఆయన తన తప్పును ఒప్పుకోడన్నదీ అంతే నిజం. ఒకసారి కంచికచర్ల బస్సుకు బ్రేకులు సరిచేశారు. మర్నాడు డ్రైవరు వచ్చి వినయంగానే చెప్పాడు.

"మేస్త్రీ గారూ, బ్రేకు కొడితే ఇంకా ఎడమకే లాగుతుందండీ."

"లాగేది బండి కాదయ్యా, నీ చెయ్యి. స్టీరింగు పట్టుకోటం నేర్చుకో."

"చేతిలో ఏవుందండీ, నిన్న మొన్నటి నించి నడుపుతున్నానా?"

"పోవయ్యా పో, నాకు చెప్పొచ్చావు."

ఆ సాయంత్రమే ఆ బస్సు పరిటాల దగ్గర ఎడమవైపు పొలంలోకి దిగింది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బలు తగల్లేదు. పైన కట్టిన కోళ్ళ గంపలు ఊడిపడి కోళ్ళు మాత్రం చేలకు అడ్డంపడి పోయాయి. జనం బస్సు సంగతి వదిలేసి కోళ్ళ వెంట పరుగెత్తారు. ఆ కథ చెప్పుకుని మేం షెడ్డులో పడీ పడీ నవ్వాం. మేస్త్రీ గారు నవ్వలేదు. బండి తెప్పించి, ఎవర్నీ దగ్గరికి రానివ్వకుండా బ్రేకు డ్రమ్ములు విప్పి మళ్ళీ బిగించారు. డ్రైవరుతో ఒక్క మాట కూడా అనలేదు.

అక్కడ నేను నేర్చుకోవలసింది బ్రేకు పని. నేర్చుకున్నది మాత్రం మేస్త్రీ గారి మౌనం. మంచి పనివాడంటే తప్పు ఒప్పుకోనివాడు అని నా బుర్రలో నాటుకుపోయింది. పని నేర్పే మనిషి దగ్గర మనం పనితోపాటు ఇంకేమి మోసుకొస్తున్నామో చూసుకోవాలి. నేను చూసుకోలేదు.

మిరపకాయల చేతులు

మూర్తి మొదటిసారి మా షెడ్డుకు బండి తోసుకుంటూ వచ్చాడు. మిరప తోటలు చూసి రావటానికి వాళ్ళ నాన్న కొనిచ్చిన మోటారు సైకిలు అది. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చేతులకు మాత్రం ఇంజనాయిలు.

"విప్పానండి. విప్పింది విప్పినట్టే బిగించాను. రెండు నట్లు మిగిలినై," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. "మిగిలితే మంచిదేగా, బరువు తగ్గింది."

"అట్టాగే అనుకుని నడిపాను. అందుకే తోసుకొచ్చాను."

అతని చేతిలోని స్పానరు తీసుకుని పని మొదలుపెట్టాను. చెమట పట్టి కళ్ళు తుడుచుకున్నాను. అంతే, కేక పెట్టి కింద కూర్చున్నాను. పొద్దున్నించీ కొట్లో మిరపకాయల బస్తాల్లో చేతులు పెట్టి, ఆ చేతుల్తోనే పనిముట్లు పట్టుకున్నాడు. కళ్ళు మండి నేను ఏడుస్తుంటే మూర్తి కంగారుగా చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు. పోసేదీ ఆ చేతుల్తోనే. మేస్త్రీ గారు వచ్చి చూసి, "బండికి చెయ్యి పెట్టకముందే ఏడుపు మొదలెట్టావేంట్రా దానేలూ?" అన్నారు.

నా పేరు దానియేలు. షెడ్డులో అందరికీ దానేలునే. ఆ రోజు నించి మూర్తికీ అంతే. కొన్నాళ్ళకు 'అండీ'లు పోయి 'ఏరా' వచ్చింది. అది చిన్న సంగతి కాదు. వాళ్ళు పెద్ద వర్తకులు. మేం ఊరి చివర క్రైస్తవులం. ఆ రోజుల్లో నన్ను కులం పేరుతో పిలిచే పెద్దమనుషులు చాలామందే ఉన్నారు, కొందరైతే అది తిట్టని కూడా అనుకునేవారు కాదు. మూర్తి నోటివెంట ఆ మాట కోపంలో కూడా రాలేదు. సరదాకైనా రాలేదు.

నా దగ్గరా ఒక బండి ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మిలటరీవాళ్ళు వేలం వేసిన పాత మోటారు సైకిలు, మూడు చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. చూడ్డానికి గేదెలా ఉన్నా ఇంజను గట్టిది. నందిగామ దాటి జగ్గయ్యపేట వైపు వెళితే రోడ్డు ఒకచోట దారం పట్టినట్టు తిన్నగా ఉంటుంది. అటూ ఇటూ నల్లరేగడి చేలు. అప్పట్లో రోడ్డు పక్కన మైలురాళ్ళ మధ్య ఫర్లాంగు రాళ్ళుండేవి. మైలురాయి దగ్గర రెండు బళ్ళూ పక్కపక్కన ఆపి, ఒకడు తుండుగుడ్డ కింద పడేస్తే బయల్దేరి, పావు మైలు దూరాన ఉండే రెండో ఫర్లాంగు రాయి ముందుగా ఎవరు దాటితే వాడిదే గెలుపు. వంపుల్లేవు, చుట్టు తిరగటాల్లేవు. ఆగి ఉన్న బండి ఎంత త్వరగా పరుగందుకుంటుందన్నదే పందెం. గెలిచినవాడికి దక్కేది ఓడినవాడు తాగించే గోళీ సోడా.

ఆదివారం ఆరాధన అయీ అవగానే నేను మాయమయ్యేవాణ్ణి. "పాట పాడుతున్నా నీ చెవులు రోడ్డు మీదే ఉంటై గదరా," అనేది అమ్మ. నిజమే.

మొదట్లో ప్రతి పందెమూ ఓడిపోయాను. నాది పెద్ద ఇంజను, మెకానిక్కును నేను, గెలిచేది మిరపకాయల కుర్రాడు! తుండుగుడ్డ పడగానే నేను యాక్సిలేటరు తిప్పి క్లచ్చు వదిలేసేవాణ్ణి. వెనక చక్రం కంకరను వెదజల్లుతూ ఉన్నచోటే తిరిగేది. మూర్తి తాపీగా వెళ్ళిపోయేవాడు.

"నువ్వు ఇంజనుతో ఆడుతున్నావురా. రోడ్డుతో ఆడాలి," అన్నాడు ఒకరోజు సోడా తాగుతూ.

"అంటే?"

"క్లచ్చు వదలబాక. జారనియ్యి. పేరిన నెయ్యి గిన్నె వంచితే ఎట్టా వస్తది? అట్టా."

నలుగురిలో చెప్పాడని నాకు ఉక్రోషం వచ్చింది. అయినా షెడ్డు వెనక ఎవరూ లేనప్పుడు అదే సాధన చేశాను. క్లచ్చు పట్టుకునే ఆ చోటు వేళ్ళకు తెలిసేదాకా చేశాను. తర్వాత నా జీవితమంతా వందల బస్సులకు క్లచ్చు సరిచేసింది ఆ వేళ్ళే. పుస్తకంలో కొలతలుంటాయి. ఆ పట్టు ఎక్కడ మొదలవుతుందో కొలతలో తెలియదు. దానికి బదులుగా ఇంజను విప్పి బిగించటం నేను మూర్తికి నేర్పాను. నట్లు మిగలకుండా!

మా పందేలకు ఒక కట్టుబాటు ఉండేది. అది మూర్తి పెట్టిందే. బయల్దేరే ముందు ఎవడి బండి వాడు చూసుకోకూడదు. నా బండి వాడు చూడాలి, వాడి బండి నేను చూడాలి. గొలుసు, బ్రేకు తీగలు, చక్రాల నట్లు, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు గొట్టాలు అన్నీ చేత్తో తడిమి చూసి, 'చూశా' అని పైకి అనాలి. ఎదుటివాడు ఆ మాట అంటేనే పందెం. అనకపోతే లేదు. ఎందుకలా అని నేనడిగితే మూర్తి నవ్వాడు.

"మా కొట్లో అమ్మేవాడు బస్తా విప్పడురా. కొనేవాడే విప్పుతాడు. అడుక్కంటా చెయ్యి పెట్టి తీస్తాడు. తన సరుకులో తెల్లబారిన తాలుకాయ తన కంటికి ఎప్పుడన్నా కనపడిద్దా?"

ఫోర్కు

మూడో ఏటికి గెలుపులు నావీ వాడివీ సమానంగా ఉండేవి. కబురు పాకింది. ఆదివారాల్లో నందిగామ కుర్రాళ్ళు సైకిళ్ళేసుకుని వచ్చేవాళ్ళు. జగ్గయ్యపేట నించి ఒక జట్టు వచ్చేది. కోదాడ వైపు నించి వచ్చే లారీలు కూడా ఆగేవి. ఊరూ ఊరూ పౌరుషంగా మారింది. నాకూ తలకెక్కింది.

అలాంటి ఒక ఆదివారానికి వారం ముందు, షెడ్డు నించి ఇంటికి పోతూ గేదె అడ్డం వస్తే పడ్డాను. నాకు మోకాలు చెక్కుకుపోయింది. బండికి ముందు ఫోర్కు గొట్టం వంగింది. మేస్త్రీ గారిని అడిగితే ఒక్క పూటలో దారి చూపేవారు. అడగలేదు. పందేలంటే ఆయనకు గిట్టదు, చివాట్లు పెడతారని ఒక కారణం. నాకు తెలియనిదేముంది అన్నది అసలు కారణం. కమ్మరి కొలిమి దగ్గరికి తీసుకెళ్ళి, గొట్టాన్ని ఎర్రగా కాల్చి, సుత్తితో తిన్నగా కొట్టి, త్వరగా చల్లారాలని నీళ్ళ తొట్టిలో ముంచాను. 'చుయ్'మంది. కొడవలికి పదును పెట్టేటప్పుడు చేసే పని అది. అలా ముంచితే ఇనుము గట్టిపడినట్టే ఉంటుంది, లోపల మాత్రం పెళుసెక్కుతుంది. కొడవలికి నడుస్తుందేమోగాని బరువు మోసే గొట్టానికి నడవదు. చల్లారనివ్వటానికి ఒక రాత్రి ఓపిక పట్టలేని పనివాడు చేసే తప్పు అది. పైన నల్లరంగు వేశాను. నిగనిగలాడింది.

ఆదివారం రోడ్డుకు రెండు వైపులా జనం. మూర్తి బండి నేను పైపైన తడిమి "చూశా" అనేశాను. అతను నా బండి దగ్గర కూర్చున్నాడు. గొలుసు చూశాడు. బ్రేకు చూశాడు. ఫోర్కు మీద స్పానరుతో మెల్లగా కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఒకవైపు గొట్టం 'టింగ్' అంటోంది, రెండోది 'టక్' అంటోంది. కింది బిగింపు దగ్గర రంగులో వెంట్రుకంత గీత ఉంది. దాన్ని గోటితో గీకాడు.

"దానేలూ, దీన్నేం చేసావు?"

"వంగితే తిన్నగా చేసా. ఏం?"

"నేను చూశా అనన్రా."

"ఏంటీ?"

"ఇది నాకు బాగనిపించట్లా. ఇయ్యాల వద్దు."

నందిగామ కుర్రాళ్ళు అప్పటికే గోల మొదలుపెట్టారు. "జారుకుంటున్నాడ్రోయ్!" అని ఒకడు. లారీ దిగిన కోదాడ డ్రైవరు బీడీ పారేసి, "ఏందిర బయ్, ఉరుకుతరా లేదా? నాకు లోడున్నది," అన్నాడు. అందరూ నవ్వారు. నా ముఖం మండిపోయింది. మెకానిక్కును నేను. నా పనికి వంక పెట్టేది మిరపకాయల కొట్టువాడా?

అప్పుడు అన్నాను. ఈ రోజుకీ ఆ మాట రాయటానికి సిగ్గుగా ఉంది.

"ఓడతానని భయమా సెట్టీ? తక్కెడ పట్టుకునే చేతికి హ్యాండిలెందుకురా?"

జనం ఈలలు వేశారు. మూర్తి లేచి నిలబడ్డాడు. నా వైపు చూసి, "అవును, భయంగానే ఉంది. నేను ఓడిపోయా. నువ్వే గెలిచావు. అయిపోయింది గదా, ఇంటికి తోసుకుపో," అన్నాడు. కింద పడేయటానికి తెచ్చిన తుండుగుడ్డ తీసుకుని నా భుజాన వేశాడు.

ఓటమి ఒప్పుకున్నవాణ్ణి అక్కడితో వదిలేసినా సరిపోయేది. నాకు చాలలేదు. గెలిచాను కాబట్టి ఒక్కణ్ణే రెండు ఫర్లాంగులూ పరుగెత్తించి చూపిస్తానని బండెక్కాను. మూర్తి ఒక్క ఉదుటున వంగి, స్పానరుతో ఇంజనుకు నిప్పందించే ప్లగ్గు విప్పి జేబులో వేసుకున్నాడు. నేను దిగి అతన్ని రెండు చేతులతో తోశాను. రోడ్డు పక్క కంకర మీద పడ్డాడు. తెల్లచొక్కా మోచేతి దగ్గర చిరిగి ఎర్రబడింది. లేచాడు. ప్లగ్గు ఇవ్వలేదు. తన బండెక్కి వెళ్ళిపోయాడు. జగ్గయ్యపేటవాళ్ళు కూడా అతన్ని చూసి నవ్వారు.

మేస్త్రీ గారి చేతులు

బండిని తోసుకుంటూ షెడ్డుకు చేరాను. దారంతా మూర్తిని తిట్టుకుంటూనే ఉన్నాను. మేస్త్రీ గారు మంచం మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నారు. విషయం విని, లేచి వచ్చి, ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య బిగించి, హ్యాండిలు పట్టుకుని ఒక్కసారి పక్కకు తిప్పారు. పెద్దగా బలం కూడా పెట్టలేదు. గొట్టం ఎండు జొన్నకర్రలా పుటుక్కుమంది.

విరిగిన చోట చూస్తే సగానికి పైగా పాత పగులే. నల్లబడి ఉంది. అప్పుడే విరిగిన భాగం గోరంత మెరుస్తోంది. నన్ను ఈ లోకంలో పట్టి ఉంచింది ఆ గోరంత ఇనుమే. మొదటి ఫర్లాంగు రాయి దాటేసరికి ఆ చక్రం ఎటు పోయేదో, నేను ఎక్కడ పడేవాణ్ణో చెప్పనక్కర్లేదు.

మేస్త్రీ గారు తిడతారనుకున్నాను. తిట్టలేదు. విరిగిన ముక్క కింద పెట్టి అన్నారు:

"కంచికచర్ల బస్సు గుర్తుందంట్రా?"

"ఉందండీ."

"ఆ డ్రైవరు చెప్పింది నిజమే. నేనే వినలా." చుట్ట ఆరిపోతే మళ్ళీ వెలిగించారు. "నా దగ్గర పని నేర్చుకో. ఇది మాత్రం నేర్చుకోబాక."

తన తప్పు తన నోటితో ఆయన చెప్పగా నేను విన్నది ఆ ఒక్కసారే. నా మొండితనం ఆయన నించే వచ్చిందని ఆ రోజు ఆయనకు అర్థమైంది. ఆ మాట నా కోసమే అన్నారు. అందుకు ఆయనకు నేను ఎంతైనా రుణపడి ఉంటాను.

డిపోలో

తర్వాత కొన్నాళ్ళకు బస్సులు సర్కారువి అయ్యాయి. నేను డిపోలో చేరాను. నా చేతికింద మనుషులు వచ్చాక ఒక్క పద్ధతి పట్టుబట్టి పెట్టాను. బండి బాగుచేసినవాడు బండి బాగుందని చెప్పకూడదు. ఇంకో మెకానిక్కు వచ్చి తడిమి చూసి చెప్పాలి. కుర్రాళ్ళు మూతి ముడిచేవారు.

"ఏం సార్, మా మీద నమ్మకం లేదా?"

"మీ మీద ఉందయ్యా. నా మీదే లేదు. ముందు నా పని చూడు, రా," అనేవాణ్ణి.

ఇదేదో నేను కనిపెట్టిన గొప్ప పద్ధతని కొందరు ఆఫీసర్లు మెచ్చుకున్నారు. మిరపకాయల బస్తా దగ్గర పుట్టిందని చెప్తే నమ్మలేదు.

దాన్ని నేనే ఒకసారి తప్పాను. తిరునాళ్ళ రద్దీ. పైనించి ఒకాయన, "బండి పంపవయ్యా, జనం నించుని ఉన్నారు," అని ఒకటే గొడవ. వెనక చక్రం నేనే బిగించాను, ఇక చూసేదేముందని పంపేశాను. ఊరు దాటగానే చక్రం ఊగుతోందని డ్రైవరు ఆపేశాడు. మంచివాడు, వినే చెవులున్నవాడు. నేను పనిముట్లతో వెళ్ళేసరికి జనమంతా ఎండలో నిలబడి ఉన్నారు. ఒక ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసి, "నువ్వేనా నాయనా బాగుచేసింది? ఈసారి ఇంకోళ్ళకి చూపియ్యి," అంది. చదువూ సంధ్యా లేని ఆవిడకు ఎవరు చెప్పారో ఈ ఇంగితం! నేను డ్రైవర్ని పిలిచి, ప్రతి నట్టూ అతని చేత లాగించి చూపించాను.

పై అధికారుల గురించి ఒక్క మాట చెప్తాను. తొందరపెట్టేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళ వెనక ఇంకొకడు తొందరపెడుతుంటాడు. కాని, చక్రం ఊడితే పొలంలో పడేది వాళ్ళు కాదు. 'ఇంకా కాలేదండీ' అనే రెండు ముక్కలు గట్టిగా చెప్పలేనివాడు ఈ పనిలోకి రాకపోవటమే మంచిది. ఆ మాట నలుగురి ఎదుట, ఈలల మధ్య, తన పరువు పోగొట్టుకుని చెప్పినవాణ్ణి నేను చూశాను.

జగ్గయ్యపేట

ఇవన్నీ తర్వాతి సంగతులు. మూర్తి దగ్గరికి వెళ్ళిన రోజు సంగతి చెప్పకపోతే ఈ రాతంతా బోలుగా ఉంటుంది.

ఫోర్కు విరిగిన మర్నాడే వెళ్ళవలసింది. వెళ్ళలేదు. బస్సు కండక్టరుతో, 'దానేలు అడిగాడని చెప్పు' అని కబురంపాను. కండక్టరు తిరిగొచ్చి, "విన్నాడు. ఏమీ అనలా," అన్నాడు. రెండు ఆదివారాలు గడిచాయి. మైలురాయి దగ్గరికి వెళ్ళి చూశాను. ఎవరూ లేరు. మూర్తిని ఊళ్ళో కుర్రాళ్ళు 'పారిపోయినోడు' అంటున్నారని, అతను కొట్లోంచి బయటికి రావటం లేదని, వాళ్ళ నాన్న బండి అమ్మేసే మాట అంటున్నారని తెలిసింది. అప్పుడు భయం వేసింది. ప్రాణం పోతుందేమోనన్న భయం కంటే అది పెద్దది. నా బతుకులో నన్ను మనిషిగా చూసినవాణ్ణి నా చేతులతో నేనే పోగొట్టుకుంటున్నాను.

నలుగురిలో అన్న మాటను చాటుగా వెనక్కి తీసుకోవటం కుదరదు. అందుకని మిరప కళ్ళాలు నడిచే రోజుల్లో, కొట్టు నిండా రైతులు, బేరగాళ్ళు ఉన్న పొద్దుపూట వెళ్ళాను. విరిగిన గొట్టం రెండు ముక్కలూ గోనెగుడ్డలో చుట్టి చంకన పెట్టుకున్నాను. కొట్లో ఘాటుకు అడుగుపెట్టగానే దగ్గొచ్చింది. మూర్తి లోపల కాటా దగ్గర ఉన్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

వాళ్ళ నాన్నను ఊరంతా గౌరవంగా సెట్టిగారనే పిలుస్తారు. ఆయన ఎదుట గొట్టం ముక్కలు పెట్టి, అందరికీ వినపడేలా చెప్పాను.

"సెట్టిగారూ, ఆ రోజు మీవాడు పారిపోలేదండీ. నా బండి ఇట్టా ఉంది. నేను చావకుండా ఆపాడు. నేను తోశా. తప్పు నాది."

బేరాలు ఆగిపోయాయి. సెట్టిగారు కళ్ళద్దాలు సర్దుకుని, గొట్టం విరిగిన చోట వేలు పెట్టి, మిరపకాయ తొడిమ చూసినట్టు చూశారు.

"పైకి రంగు బ్రమ్మాండంగా ఉందే. లోపలంతా తాలు," అన్నారు. తర్వాత నన్ను చూసి, "మావాడు ఓడిపోయాడని ఊరంతా చెప్పారు. కాదని నువ్వొక్కడివే చెబుతున్నావు. ఎవర్ని నమ్మమంటావయ్యా?"

"గొట్టాన్ని నమ్మండి."

ఆయన గట్టిగా నవ్వారు. రైతులూ నవ్వారు. గొట్టం ముక్కలు చేతులు మారాయి. ఒక రైతు, "నా నాగలి కర్రు ఇట్టా చేసిచ్చావంటే తన్నేవోణ్ణి," అన్నాడు. మూర్తి నవ్వలేదు. కాటా వదిలి, నా పక్కనించే బయటికి నడిచాడు. వెంట వెళ్ళాను. బజారు మలుపు దాటాక ఆగాడు. మోచేతి మీద గాయం ఎండి నల్లగా ఉంది.

"దాన్ని డాక్టరుకి చూపించావా?" అన్నాను.

"ఇది మానిద్దిలే." రోడ్డు వైపు చూశాడు. "తోసినందుకు కాదురా నాకు బాధ. కోపంలో ఎవడైనా తోస్తాడు. నన్ను సెట్టీ అన్నావు."

మూర్తి నా వైపు తిరిగాడు.

"ఊళ్ళోవాళ్ళంటే పట్టించుకోను. మా నాన్నని అట్టాగే పిలుస్తారు, అది మర్యాద. నువ్వన్నది అది కాదు. నేనెప్పుడన్నా నిన్ను అట్టా అన్నానా?"

"అన్లా."

"అనబుద్ధి కాలేదనుకుంటున్నావా ఏంటి? నువ్వు గెలిచి ఎగిరిన రోజుల్లో ఎన్ని తిట్లొచ్చినయ్యో నోట్లోకి. అవన్నీ తిట్టా. అదొక్కటి మాత్రం తిట్లా."

నా చిన్నప్పటి నించీ ఆ మాట ఎంత లోతుగా దిగుతుందో తెలిసినవాణ్ణి నేను. తెలిసి తెలిసీ, అదే కత్తి ఇంకో వైపు నించి పట్టుకుని నా స్నేహితుణ్ణి పొడిచాను. తెలియనివాడు చేస్తే సరిపెట్టుకోవచ్చు. నాకు ఆ సాకు లేదు. నా బతుకులో చేసిన తప్పుల్లో గొట్టాన్ని నీళ్ళలో ముంచటం చిన్నది.

"ఇంకెప్పుడూ అనను మూర్తీ," అన్నాను.

"కళ్ళు తుడుచుకో. కొట్లో ఘాటేగా?"

"ఘాటే."

"ఊఁ." నడక మొదలుపెట్టాడు. బస్టాండు దాకా వచ్చాడు. దారిలో మేస్త్రీ గారు ఏమన్నారో అడిగాడు, చెప్పాను. ఫోర్కు ఎక్కడ దొరుకుద్దని అడిగాడు. బెజవాడలో పాత ఇనుము కొట్లు వెతకాలన్నాను.

"దొరికితే ఎవరు బిగిస్తారు?"

"నేనే. మేస్త్రీ గారిని పక్కన నించోమంటా."

"అడుగుతావా ఆయన్ని?"

"అడుగుతా."

నందిగామ బస్సు కదులుతోంది. నేను మెట్టు మీద కాలు పెట్టాను. మూర్తి బస్సు పక్కనే నాలుగడుగులు వేశాడు.

"అయితే ఫోర్కు వెయ్యకముందే ఆదివారం రా. నా బండి ఉందిగా, ఇద్దరం దాని మీద తిరుగుదాం. ఒక్క బండితో పందెం లేదు గదా, తన్నుకోం!"

ఆ ఆదివారం వెళ్ళాను. మా నాన్న పోయినప్పుడు తెల్లవారేసరికి మా గుమ్మంలో ఉన్నది అతను. అతని కొట్టు నష్టాల్లో మునిగిన ఏడాది వాళ్ళింట్లోనే పడుకున్నది నేను. రోడ్డు నిండా లారీలు వచ్చాక పందేలు ఆపేశాం. ఇప్పుడు ఇద్దరికీ మోకాళ్ళు పట్టేశాయి, బండి సంగతి అటుంచి బస్సు ఎక్కటమే కష్టం. అయినా ఆదివారం ఆరాధన అవగానే జగ్గయ్యపేట బస్సు కోసం నిలబడుతూనే ఉన్నాను. మోటారు పని నాకు అన్నం పెట్టింది. ఈ మనిషిని ఇచ్చింది కూడా ఆ పనే. అందుకే దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.